రత్నం వదిన ఒప్పుకున్న కెమెరా

వానాకాలం వచ్చిందంటే మా ఖరగ్‌పూర్‌లో గోడలకే కాదు, అద్దాలకీ బూజు పడుతుంది. అందుకని ఈ నాలుగు నెలలూ వారానికొకసారి కెమెరాని డబ్బాలోంచి తీసి, కిటికీ దగ్గర కూర్చుని, లెన్సు తుడిచి, ఉత్తుత్తినే నాలుగుసార్లు నొక్కుతాను. చాలా చిన్న చప్పుడు. ఎవరో గొళ్ళెం మెల్లగా తీసినట్టుంటుంది. ఇవాళ పొద్దున ఆ చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. నాకు మాత్రం ఎక్స్‌రే అప్పారావుగారు వాకిట్లో చెప్పులు విడుస్తున్నట్టే అనిపించింది. ఆయన పోయి ఆరేళ్ళు దాటింది.

మనుషుల మొహాలు తీయడానికి ఈ కెమెరాయే ఎందుకు ఎంచుకున్నారని నన్ను చాలామంది అడుగుతారు. హిజ్లీ కాలేజీలో చదువుకునే మన తెలుగు పిల్లలైతే మరీను. వాళ్ళ కోసం నా దగ్గర ఒక కథ తయారుగా ఉంది. కలకత్తాలో పదకొండు దుకాణాలు తిరిగాననీ, నలభై కెమెరాలు బల్ల మీద పరిపించాననీ, చివరికి ఒక యజమాని లేచి నిలబడి మీరు జర్మనీలో ఏమైనా పనిచేశారా అని అడిగాడనీ చెబుతాను. జర్మనీ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు టీ తాగడం ఆపేస్తారు. ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను కాబట్టి నిజం ఒప్పుకుంటాను. తిరిగింది ఒకే దుకాణం, అదీ రెండుసార్లు. మొదటిసారి నేను ఎంచుకున్నది తప్పు. రెండోసారి ఎంచుకున్నది నేను కాదు.

అప్పారావుగారు రైల్వే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండు వరసల అవతల వాళ్ళ క్వార్టరు. వాళ్ళది బొబ్బిలి పక్క ఊరు, మాది పార్వతీపురం పక్క. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉత్తరపు గుమ్మంలో పీట వేసి, పాత ఫిల్ము కెమెరాతో మా వరసల్లో వాళ్ళందరి మొహాలూ తీసేవారు. పెళ్ళిచూపులకి పంపాల్సిన పిల్లలు, కొత్తగా పనిలో చేరిన ఖలాసీలు, మనవణ్ణి ఎత్తుకున్న ముసలమ్మలు, ఎవరొచ్చినా సరే. నేను రైలుపెట్టెలు బాగుచేసే క్యారేజీ షాపులో ఫిట్టరుగా చేరిన నెలలోనే వెళ్ళి ఆ పీట మీద కూర్చున్నాను. పైబొత్తం దాకా పెట్టుకుని, రొమ్ము విరుచుకుని, ఇంజనుకి ఎదురు నిలబడ్డవాడిలా చూస్తున్నాను. ఆయన కెమెరా పట్టుకునే ఉన్నారు గానీ నొక్కరు. మా అమ్మ గురించి అడిగారు. రాత్రి ఏం వండుకున్నానని అడిగారు. వంకాయ మాడిపోయిందని చెప్పి ఉసూరుమన్నాను. అప్పుడు నొక్కారు. నేనింకా సిద్ధం కాలేదండీ అంటే, అందుకే తీసినాను అన్నారు.

ఆ పూటే ఆయన తన పద్ధతి చెప్పారు. "ఆసుపత్రిలో ఊపిరి బిగబట్టమంటాను, ఎముకలు తీసుకుంటాను. ఇక్కడ ఊపిరి వదిలేదాకా సూస్తాను. వదిలినప్పుడు గానీ మనిషి బయటికి రాడు ఫిట్టరూ."

అప్పటినుంచి ముప్పై ఏళ్ళు ఆదివారాలు ఆయన దగ్గర ఫోటోగ్రఫీ నేర్చుకున్నానని చెప్పుకుంటాను. మాట అబద్ధం కాదు, కాస్త ఉబ్బింది. ఆ ముప్పై ఏళ్ళూ నేను పట్టుకున్నది కెమెరా కాదు, తెల్ల దుప్పటి. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు ఒక చెంప మీద పడితే, రెండో చెంప చీకటి కాకుండా దుప్పటి ఎదురుగా పట్టుకోవాలి. కొంచెం వంగితే "వెలుగు జారిపోతంది" అని కేకేసేవారు. చేతులు లాగేసేవి. కానీ మొహం మీద వెలుగు ఎక్కడ ఆగుతుందో, మనిషి ఎప్పుడు తనని తాను మరచిపోతాడో, దుప్పటి వెనక నిలబడ్డవాడికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇది మాత్రం ఉన్నమాటే.

నేను రిటైరయ్యేసరికి ఆయన సుభాష్‌పల్లిలో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. చూపు పాడైంది. ఎటు చూసినా నడిమధ్యలో మసక, అంచుల్లో మాత్రం కొద్దిగా కనిపించేది. కెమెరా పక్కన పెట్టేశారు. ఇక మొహాలు నేను తీస్తానని ప్రకటించి, ఆయనతో చెప్పకుండానే కలకత్తా లోకలెక్కాను. దుకాణంలో ఒక బెంగాలీ అమ్మాయి, నా మనవరాలి వయసుది, మనుషుల్నే తీస్తానంటున్నారు కదా దాదూ అని చిన్న కెమెరా ఒకటీ, పొట్టి లెన్సు ఒకటీ ముందు పెట్టింది. నేను దాన్ని చేత్తో తూచి పక్కకి నెట్టాను. మా షాపులో ఏ సామాను వచ్చినా ముందు చేత్తోనే తూస్తాం. బరువుంటే నమ్మకం. తిప్పి చూస్తాం. ఆట, అంటే వదులు, లేకుండా బిగువుగా తిరిగితే ఇంకా నమ్మకం. ముప్పై ఐదేళ్ళు రైలుపెట్టెల కింద పడుకున్నవాణ్ణి, నాకు బొమ్మలు చూపించకు తల్లీ అన్నాను. ఆ అమ్మాయి దుకాణంలోకెల్లా బరువైనది తెచ్చింది. లెన్సు నా మోచేయంత ఉంది. తిప్పితే వీసమెత్తు ఆట లేదు. బోగీకి బిగించినా నిలబడుతుంది. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెడనొప్పిని గర్వం అనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు తీసుకెళ్ళి అప్పారావుగారి చేతుల్లో పెట్టాను. ఆయన చాలాసేపు తడిమారు. "ఏటిది, గేదెదూడ లాగుంది" అన్నారు. తరవాత వంటింటి వైపు చెవి పెట్టి, గొంతు తగ్గించి అడిగారు. "దీంతో మీ వదినని తీయగలవా?"

రత్నం వదిన ఆయన భార్య. పెళ్ళైన నాలుగేళ్ళకి ఒక జ్వరంలో ఆవిడ మూతి ఎడమపక్కకి జారిపోయింది. మందులకి కొంత సర్దుకుంది గానీ పూర్తిగా రాలేదు. అప్పటినుంచి కెమెరా కనిపిస్తే చాలు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. సెటిల్‌మెంట్ మొత్తం మొహాలు తీసిన మనిషి దగ్గర ఆ జ్వరం తరవాతి తన భార్య మొహం ఒక్కటీ లేదు. ఆయన ఎప్పుడూ బలవంతపెట్టలేదు. ఇప్పుడు అంచుల్లో మిగిలిన చూపు కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టర్లు చెప్పేశారట.

"మూడేళ్ళయింది మీ వదిన మొహం సూసి," అన్నారు. "గొంతుంది, గాజులున్నాయి, మొహమే లేదు. మనిషిని పట్టుకుని భూతద్దం కింద పెట్టలేను గదా. కాగితం మీదుంటే అంచుకి జరుపుకుంటా ముక్కముక్కా సూసుకుంటాను. ఈ కాస్తా పోకముందే."

ఆ పని నాకెంత అన్నాను. మూడో రోజు వెళ్ళి, వీధి అరుగు చివర, స్తంభం చాటున నక్కాను. పక్క సందులోంచి కనిపించే పెరట్లో వదిన పప్పు చెరుగుతోంది. అంత దూరం నుంచి ఆ పొడుగు లెన్సుతో ఆవిడ కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. నొక్కాను. ఆ యంత్రం చప్పుడు బాయిలరు మూత పడ్డట్టుంటుందని నేను ఆలోచించుకోలేదు. వదిన తలెత్తి చూసింది. చేట కింద పెట్టేసి, కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేనున్నంతసేపూ రాలేదు. ఆ ఇంట్లో నాకు టీ పుట్టని రోజు అదొక్కటే. లోపల గదిలోంచి ఏడుపు వినపడలేదు, గిన్నె చప్పుడూ వినపడలేదు. ఏదో ఒకటి వినపడితే బాగుండనిపించింది.

అప్పారావుగారు నన్ను కోప్పడింది జీవితంలో ఆ ఒక్కసారే. గట్టిగా కూడా కాదు. "అది ఆవిడ ఇచ్చిన మొహం గాదు. నువ్వు ఎత్తుకొచ్చింది. నాకు సూపించకు." అప్పటికప్పుడు నా చేత ఆ ఫోటో తుడిపించేశారు. తరవాత కర్ర తీసుకుని లేచారు. రేపు దుకాణానికి నేనూ వస్తానన్నారు.

లోకల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళాను. దుకాణంలో అదే అమ్మాయి. నన్ను చూసి నవ్వు ఆపుకుంది. అప్పారావుగారు బెంగాలీలో చెప్పి ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతికి ఒక్కో కెమెరా ఇప్పించి, ఈ పిల్లతో మాట్లాడుతూ తియ్యి అన్నారు. అంకెలు ఒక్కటీ అడగలేదు. వీడు కెమెరా ఎత్తితే వీడి మొహం నీకు కనిపిస్తోందా అని అమ్మాయిని అడిగారు. వీడు దగ్గరికొస్తే నీకు వెనక్కి జరగాలనిపిస్తోందా అన్నారు. చప్పుడు చెవి పెట్టి విన్నారు. చివరికి అమ్మాయి మొదటిసారి నా ముందు పెట్టిన చిన్నదే మిగిలింది. దానికి వెనక బొమ్మ కనిపించే అద్దం పైకి లేస్తుంది, రొమ్ము దగ్గర పట్టుకుని, తల వంచి చూసి తీయొచ్చు, మన మొహం ఎదుటివాళ్ళకి దాగదు. పొట్టి లెన్సు దగ్గరికీ దూరానికీ జరగదు కాబట్టి మనమే నడిచి నాలుగడుగుల దూరానికి వెళ్ళాలి, మాట్లాడక తప్పదు. గుమ్మం వెలుతురు దానికి చాలు. ఆ అమ్మాయి పెద్ద దూడని వెనక్కి తీసుకుని, ఇదిచ్చి పంపింది. జర్మనీ ప్రస్తావన ఎవరూ తేలేదు.

నాలుగు రోజులాగి, భోజనాల తరవాత వాళ్ళింటి ఉత్తరపు గుమ్మంలో పీట వేశాను. వదిన గుమ్మం లోపల నిలబడింది. ఆ రోజు చాటునుంచి తీసినందుకు నేను క్షమించమన్నాను.

"ఎవరు నొక్కుతారు?" అంది.

"నేను," అన్నారు అప్పారావుగారు.

"మీకు కనబడదు గదా."

"కనబడదు. అందుకే కూకో."

ఆవిడ చాలాసేపు ఆయన్నే చూసింది. తరవాత వచ్చి పీట మీద కూర్చుంది. కొంగు మెడ మీదనే ఉంచింది. నేను ఆవిడ కంటికి లెన్సు కుదిర్చి, కెమెరాని ఆయన చేతుల్లో పెట్టి, కదలకుండా కింద నా చేతులు పట్టాను. బొత్తం మీద ఆయన వేలు. ఆవిడ ఊపిరి బిగబట్టే ఉంది. ఆయన తల పక్కకి వంచి ఎదురుచూస్తున్నారు. ఇంతలో ఆవిడ చూపు ఆయన చొక్కా మీద పడింది. "ఏటండీ, బొత్తాలు తప్పెట్టుకున్నారు, పొద్దుటినుంచీ ఊరంతా అలాగే తిరిగినారా" అని, ఇక ఆపుకోలేక నవ్వి, ఊపిరి వదిలింది. వేలు నొక్కింది. ఒక్కసారే.

పెద్ద కాగితం మీద వేయించి తెచ్చాను. ఆయన భూతద్దం పట్టుకుని, కాగితాన్ని కంటి చివరికి జరుపుకుంటూ నుదుటి దగ్గర మొదలుపెట్టారు. కనుబొమ్మ, ముక్కుపుడక, చెంప. నోటి దగ్గర ఆగిపోయారు. అంతసేపు ఏటి చూస్తున్నారని వదిన లోపలినుంచి అడిగింది. "ఎడమపక్క నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తాది. మర్చిపోయినాను," అన్నారు. ఆ మధ్యాహ్నమంతా అదే కాగితం. నాలుగు నెలల తరవాత ఆ అంచు కూడా ఆరిపోయింది.

ఇక అసలు ఒప్పుకోవలసింది. ఆయన పోయిన మరుసటి ఏడు హిజ్లీలో పిల్లలు ఫోటోల ప్రదర్శన పెట్టి నన్ను పిలిచారు. నేను తీసినవి పదకొండు ఇచ్చాను, పన్నెండోది ఇది. పన్నెండింటి కిందా నా పేరే వేయించాను. అందరూ ఈ పన్నెండోదాని ముందే నిలబడ్డారు. దీనికే నాకు శాలువా కప్పారు. ఈ నవ్వు ఎలా పట్టుకున్నారు తాతగారూ అని ఒకమ్మాయి అడిగితే, వెలుగు గురించి అరగంట చెప్పాను. చెబుతూండగా వదిన వచ్చింది. తన మొహం ముందు నిలబడి, కింద పేరు చదువుకుని వెళ్ళిపోయింది. ఆ శాలువా మళ్ళీ కప్పుకోలేకపోయాను. వారం తరవాత వెళ్ళి, నా పేరు కొట్టేసి అన్నయ్యగారి పేరు రాయిస్తానని చెప్పాను.

"కొట్టెయ్యకు మరిదీ," అంది వదిన. "నువ్వు సేతులు కింద పట్టకపోతే అది నేల మీద పడును. ఇద్దరివీ రాయి. ఆయనది ముందు."

అలాగే రాయించాను. ఇప్పుడా ఫోటో వాళ్ళింట్లో, గుమ్మానికి ఎదురుగా ఉంది. వదిన వచ్చినవాళ్ళకి కొంగు అడ్డం లేకుండా టీ ఇస్తుంది. నేను ఇప్పటికీ ఆదివారాలు మొహాలు తీస్తూనే ఉన్నాను, బాగా తీస్తానని కూడా చెప్పగలను. కాని ఎవరి ఎదుట నాలుగడుగుల దూరంలో కూర్చుని కెమెరా పట్టుకున్నా, నా చేతుల మీద ఇంకో రెండు చేతుల బరువు ఉంటుంది. అవి తల పక్కకి వంచి వింటున్న మనిషి చేతులు. ఆ బరువు కదిలేదాకా నేను నొక్కను. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు.