ముందు అయిదు, వెనక నాలుగు

మొన్న శ్రీకాకుళంలో స్కూటరుకు గాలి కొట్టించుకుందామని ఒక టైర్ల కొట్టు దగ్గర ఆగాను. అక్కడ ఒకాయన తళతళలాడే కొత్త చక్రాలు నాలుగు ముందు పెట్టుకుని కొట్టువాడితో మాట్లాడుతున్నాడు. ఆ చక్రాలకేమో అయిదు బోల్టుల రంధ్రాలున్నాయి, ఆయన కారుకేమో నాలుగే. చక్రం బిగించే హబ్బులు మార్చేస్తే సరిపోతుందని కొట్టువాడంటే, సరే మార్చెయ్యమని ఆయన చొక్కా మార్చుకున్నంత తేలిగ్గా అనేశాడు. అదంతా కారు అందం కోసమేనట. నేను గాలి సంగతి మరచిపోయి, పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

ఇరవై ఏళ్ళ పైమాట. అప్పట్లో నేను నౌపడ ఉప్పు మడుల దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా అక్క భర్త, అంటే మా బావ, టెక్కలి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మోటారు మెకానిక్కు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బే నలభై దాటకుండా ఆయన్నీ పట్టుకుంది. ఇప్పటిలా ఊరి దగ్గర డయాలసిస్ ఎక్కడుంది? మంగళవారం, శుక్రవారం విశాఖపట్నం వెళ్ళాల్సిందే. మొదట్లో రైల్లో వెళ్ళేవాళ్ళం గాని, తిరుగు ప్రయాణంలో ఒకసారి ఆయన కళ్ళు తిరిగి ప్లాట్‌ఫారం మీద పడిపోయాక ఆ ధైర్యం పోయింది. ఎవరో వదిలేసిన పాత కారొకటి షెడ్డులో పడి ఉంటే, ఓపిక ఉన్న రోజుల్లోనే దాన్ని బాగుచేసుకుని, పక్కన కూర్చుని నాకు నడపడం నేర్పించాడు. సూదులు గుచ్చడానికి ఆయన ఎడమ చేతికి ఆపరేషను చేసి నరం కలిపారు. అది ఎప్పుడూ జుమ్మంటూ ఉండేది. నా వేళ్ళు దాని మీద పెట్టించి, ఇంజను ఆగలేదురా అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒక మంగళవారం తిరిగి వస్తుండగా కోటబొమ్మాళి దగ్గర ముందు చక్రం గడగడలాడింది. దిగి చూస్తే నాలుగు బోల్టుల్లో రెండు లేవు, మూడోది వేలితో తిప్పితే తిరుగుతోంది. హబ్బులో బోల్టు పట్టే మరలు అరిగిపోయాయి. రెండో వైపూ అదే తీరు. నడకంత మెల్లగా ఇల్లు చేరాం. ఆ రకం కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. బుధవారం పొద్దున్నుంచీ ఎక్కడ అడిగినా హబ్బులు లేవన్నారు. అద్దె కార్లవాళ్ళను అడిగితే పెళ్ళిళ్ళ రోజులు, ఒక్కటీ ఖాళీ లేదు. శుక్రవారం వెళ్ళకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. అంతకుముందు ఒకసారి ఒక్క వాయిదా తప్పినందుకే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకోలేక, రెండు రోజులు గోడకు చేరగిలబడి కూర్చున్నాడాయన.

విజయనగరంలో ఒక పాత ఇనుము కొట్టు ఉందని బావ చెబితే ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. అక్కడ అదే కంపెనీ తర్వాత తెచ్చిన కారొకటి తుక్కుగా పడి ఉంది. దాని ముందు హబ్బులు మా కారు ఇరుసుకు పడతాయి గాని, అయిదు బోల్టులవి. వెనకవి అప్పటికే ఎవరో ఊడదీసుకుపోయారు. హబ్బులు, వాటి బ్రేకు డ్రమ్ములు, వాటికి పట్టే చక్రాలు స్టెప్నీతో కలిపి మూడు బస్సు టాపు మీద వేయించుకుని వచ్చాను.

గురువారమంతా షెడ్డులోనే ఉన్నాం. ఆ చేత్తో బరువెత్తకూడదని డాక్టరు ఆన. అందుకని బావ ఉబ్బిన కాళ్ళు పీట మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే, ఏనాడూ స్పానరు సరిగ్గా పట్టనివాణ్ణి, నేను కింద కూర్చుని పని చేశాను. పాత హబ్బు లాగితే ఊడి రాదు, కొత్తదాంట్లో బేరింగు వంకరగా దిగుతుంది. నట్టు చేజారిపోతే ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

"బిగిసీసినావా? ఇప్పుడు రవ్వంత ఎనక్కి తిప్పురా. బేరింగుకి ఊపిరాడాల" అన్నాడు, తనకే ఊపిరాడని మనిషి.

చీకటి పడేసరికి ముందు చక్రాలు రెండూ నిలబడ్డాయి. ముందు అయిదు బోల్టులు, వెనక నాలుగు.

"స్టెప్నీలు రెండూ ఎట్టు. ముందుది ఎనక్కి పట్టదు, ఎనకది ముందుకి పట్టదు. మర్సిపోకు" అని మరీ మరీ చెప్పాడు.

నేను మరచిపోలేదు, అదే నా పాపం. శుక్రవారం పొద్దున్న అక్క ఇచ్చిన పరుపు, దిండ్లు, నీళ్ళ డబ్బా పెడితే డిక్కీలో రెండో చక్రానికి చోటు చాలలేదు. అనుమానమంతా ముందు చక్రాల మీదే కదా అనుకుని, నాలుగు బోల్టుల స్టెప్నీని షెడ్డులోనే వదిలేశాను. బావతో అనలేదు.

రణస్థలం దాటాక వెనక టైరు పేలింది. డిక్కీ తెరిచి ఆ అయిదు రంధ్రాల చక్రాన్ని చూస్తూ నిలబడ్డాను. ఎండ అప్పటికే మండుతోంది. బావ వెనక సీట్లోంచి ఏటైందిరా అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగేలోపు నేను కిటికీ దగ్గరికి వచ్చాను, నా ముఖం చూసి గ్రహించాడు.

"ఏడవకు. రిమ్ము సైజొకటే గదా. స్టెప్నీ టైరు ఊడదీయించి పేలిందాని రిమ్ముకెక్కించు. ఎల్లు, బేగెల్లు" అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

బస్సు కోసం నిలబడ్డ ఒక చేపలమ్మే ఆవిడ మమ్మల్ని చూసి గంప దించి, "నాను సూస్తాను బాబూ, నువ్వెల్లు" అంది. చక్రాలు రెండూ ఆటోలో వేసుకుని పంచరు షాపుకు పోతే, అక్కడ లారీ టైరు విప్పి ఉంది, అది అయితే గాని ముట్టనన్నాడు షాపువాడు. వాడి చేతులు పట్టుకున్నాను. ఏం మాట్లాడానో ఇప్పుడు గుర్తులేదు. నేను తిరిగి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఆవిడ బస్సు పోగొట్టుకుని, కారు తలుపు దగ్గర నిలబడి బావకు పైటచెంగుతో విసురుతోంది. ఆయన పెదవులు నల్లబడ్డాయి.

ఆస్పత్రి చేరేసరికి మా వంతు వేరేవారికి వెళ్ళిపోయింది. ఆక్సిజను పెట్టి కూర్చోబెట్టారు. సాయంత్రం దాకా ఆ గాజు తలుపు దగ్గర కనిపించిన ప్రతి మనిషినీ బతిమాలాను. చివరికి ఒక మిషను ఖాళీ అయింది, ఆ రోజుకు ఆయన బతికాడు.

ఇంటికొచ్చాక, ఇంతసేపేమైందని అక్క అడిగింది. నేను నోరు తెరిచేలోపే, పంచరు షాపులో ఆలీసమైపోనాదని బావ చెప్పేశాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ మాట మళ్ళీ రాలేదు.

నెల తిరక్కుండా ఇంకో ఊళ్ళో అయిదు బోల్టుల వెనక హబ్బులు, చక్రాలు కూడా దొరికాయి. ఈసారి చెప్పించుకోకుండానే బిగించాను. నాలుగు చక్రాలూ ఒక తీరుకొచ్చిన ఆదివారం, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఉప్పు మడుల గట్టు దాకా కారు తానే నడిపి తెచ్చాడు. మంగళవారం తెల్లవారుతూ నేను కారు తీసి గుమ్మం ముందు పెట్టి పిలిస్తే, లోపల్నుంచి అక్క కేక వినిపించింది. బావ గుండె ఆగిపోయిందన్నారు. ఆ శుక్రవారం ఆలస్యం వల్లనేనా అని డాక్టరును అడిగాను. అలా చెప్పలేమన్నాడు. కాదని మాత్రం అనలేదు.

ఇప్పుడు డయాలసిస్ మా దగ్గరికే వచ్చింది. పొద్దున్నే ఆటోలో వెళ్ళి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తింటున్నారు. రోడ్లు వెడల్పయ్యాయి, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ఇవన్నీ చూసి సంతోషపడాలి, పడుతున్నాను కూడా. కిందటి నెల అక్కను కళ్ళ డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్తుంటే, డయాలసిస్ కేంద్రం బోర్డు చూసి ఆటో ఆపమంది. దిగలేదు. లోపలికి వెళ్ళేవాళ్ళను, బయటికొచ్చేవాళ్ళను చాలాసేపు చూసింది.

"ఇంత దగ్గిరుంటే మీ బావ నడుసుకునే ఎల్లిపోయేవోడు కాదేట్రా" అంది.

ఆ శుక్రవారం సంగతి అప్పుడైనా చెప్పేద్దామని అక్క చెయ్యి పట్టుకున్నాను. ఔనక్కా అని మాత్రం అన్నాను.