రంగమ్మత్త దగ్గరికి గంట దూరం

మా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా వీధి మొత్తానికి ఫోను ఒక్కటే... ఎదురుగా ఉన్న బట్టల అంగట్లో. ఒకరోజు పొద్దున్నే ఆ అంగడాయన మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"సారూ, హైదరాబాద్ నుంచి ఫోను... మీ అక్కకు శానా సీరియస్సంట."

మా నాయన సోషల్ టీచరు. రంగమ్మత్త ఆయనకు ఒక్కగానొక్క అక్క. చిన్నతనంలోనే తల్లి పోతే, ఆయన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. ఫోను మాట్లాడి వచ్చిన నాయన నా స్కూలు అట్లాసు తీసి, తిరుపతి మీద ఒక వేలు, హైదరాబాద్ మీద ఒక వేలు పెట్టాడు.

"విమానమైతే గంటే..." అన్నాడు.

అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. "ఆ గంట సరే... ఈడి నుంచి తిరుపతికి పోయేదానికే ఐదారు గంటలు పడ్తాది. అంతవరకు ఆ విమానం ఉంటాదో లేదో. పదండి, బస్సుకే పోదాం."

ముగ్గురం బస్సెక్కాం. నంద్యాల దాటాక టైరు పంక్చరైంది. కర్నూలులో ఇంకో బస్సు కోసం గంటన్నర కూర్చున్నాం. అమ్మ కట్టిన సద్ది మూట విప్పనే లేదు. నేను నాయన ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను, మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన రోడ్డు వైపే చూస్తూ ఉన్నాడు...

పొద్దుగూకే వేళకు అత్త ఇల్లు చేరాం. వాకిట్లో గుట్టగా చెప్పులు. వాటిని చూసి నాయన అక్కడే ఆగిపోయాడు.

అత్త కూతురు సుజాతొదిన ఎదురొచ్చింది. "మధ్యాన్నం దాకా నీకోసమే చూసింది మామా... తమ్ముడు యాడిదాకా వచ్చినాడో కనుక్కోండి అంటానే ఉండింది."

నాయన లోపలికి పోయి అత్త పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. "అక్కా... వచ్చినా" అన్నాడు. అంతే.

ఇప్పుడు కడపలోనే విమానాశ్రయం ఉంది. పోయిన నెల సుజాతొదినకు గుండె ఆపరేషన్ అంటే హైదరాబాద్‌కు విమానంలోనే వెళ్లాను. గాల్లో ఉన్నది నిజంగా గంటే... కానీ మా ఊరి నుంచి కడపకు రెండు గంటలు, అక్కడ లైన్లు, ఆలస్యమైన ఫ్లైటు, దిగాక ట్రాఫిక్కు. ఆస్పత్రి చేరేసరికి కాళ్లు వాచిపోయాయి.

వదినను ఇంకా లోపలికి తీసుకెళ్లలేదు. చేయి పట్టుకున్నాను.

"విమానంలో వచ్చినదానివి, ఇట్ల వాడిపోయినావేంది పిల్లా?" అని నవ్వింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు ఇంట్లో మెల్లగా నడుస్తోంది.

నాయన ఒక్కసారీ విమానం ఎక్కకుండానే కన్నుమూశాడు. ఆయన ఆరోజు దారంతా రెప్ప వేయకుండా అక్కనే తలుచుకుంటూ కూర్చున్నాడు. నేనేమో... చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది... విమానంలో ఉన్న ఆ గంటా నిద్రపోయాను.

దూరాలు తగ్గాయి, నిజమే... మనుషులకే ఎందుకో ఇంత అలసట. మీరూ ఎవరికోసమైనా ఇలా ప్రాణాలు ఉగ్గబట్టుకుని వెళ్లిన రోజు ఉంటే చెప్పండి. సమయానికి అందుకున్నారా?