తూర్పు గట్టుకి పాఠం చెప్పిన టీచరు

"హలో, తూర్పు గట్టు! వెల్‌కమ్ బ్యాక్!"

పొద్దున్నే కంప్యూటరు గది కిటికీలోంచి ముందుగా వినిపించేది ఆ గొంతే. ఊళ్ళో ఎవరిదీ కాని ఆడగొంతు. తూర్పు గట్టు అన్న మాటని వేడి దుంపలా నోట్లో అటూ ఇటూ తిప్పుకుని పలికేది. వెంటనే పిల్లల నవ్వు, నీళ్ళ మీద నుంచి ఒక్కసారిగా లేచిన పిట్టల గుంపులా. ఆ నవ్వు వెనకాల వరండాలో టపటపమని చెప్పుల చప్పుడు.

"ఎవర్రా నవ్వేది? గట్టుకి మాత్రం పేరుండకూడదా ఏంటి?" అంటూ కెజియా టీచరు గదిలోకి వచ్చేది.

యాభై దాటిన మనిషి. మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో దుమ్ము తుడిచే గుడ్డ. పెళ్ళికి ముందు తాడేపల్లిగూడెంలో టైపు ఇన్‌స్టిట్యూటులో నేర్పేది. ఆ అలవాటు వేళ్ళలో ఉండిపోయింది. ఆవిడ కీబోర్డు మీద కొడుతుంటే పక్క గదిలో లెక్కలు ఆగిపోయేవి.

"కెజియమ్మగారూ, అది కంప్యూటరండీ, కొబ్బరికాయ కాదు," అనేవారు హెడ్మాస్టరు జేమ్స్ గారు.

"మెల్లిగా కొడితే దానికి వినపడదేమోనని భయమండీ," అనేది ఆవిడ.

ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు వెళ్తే, వరిచేలు పలచబడి చేపల చెరువులు మొదలయ్యే చోట ఉంటుంది ఆ బడి. ఎప్పుడో మిషను వాళ్ళు కట్టిన పెంకుల హాలు, దాని పక్కన తరవాత లేచిన స్లాబు గదులు. చివరి గది కెజియాది. అందులో ఓ డజను కంప్యూటర్లు. సాయంత్రం వాటి మీద కప్పే ముసుగులు చర్చిలో మార్చేసిన పాత తెరల నుంచి ఆవిడే కుట్టింది. ముసుగులు వేసుకున్నాక అవి ప్రార్థనలో తల వంచుకున్న ముసలమ్మల్లా ఉండేవి.

ఆ బడికి రెండు రకాల పిల్లలు వస్తారు. ఊరి పిల్లలు, గట్టు పిల్లలు. చెరువుల కాపలాకీ, చేపలకి మేత వేయడానికీ వచ్చే సంసారాలు గట్ల మీద పాకల్లో ఉంటాయి. వలలు లాగి పట్టుబడి అయి, చేపలు ఐసు పెట్టెల్లో లారీ ఎక్కగానే పాకలోని మనుషులు కూడా ఇంకో చెరువుకి, ఇంకో ఊరికి. వాళ్ళ పిల్లలే గట్టు పిల్లలు. మధ్యలో వస్తారు, మధ్యలో పోతారు. కెజియాకి వాళ్ళంటే ప్రాణం. "ఊరి పిల్లలకి రేపు చెప్పొచ్చండీ, వీళ్ళకి ఇవాళే చెప్పెయ్యాలి," అనేది.

ఆ కంప్యూటర్లలో ఒక చదివించే ప్రోగ్రాము ఉంది. కూర్చోగానే స్పీకర్లోనూ హెడ్‌ఫోనులోనూ పేరు పెట్టి పలకరిస్తుంది. పిల్ల చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని తెర మీది కథ పైకి చదివితే వింటుంది. తప్పు పోయిన మాట దగ్గర ఆగి, సరిగ్గా పలికి వినిపిస్తుంది. ఎవరు ఎంతవరకు చదవగలరో గుర్తుంచుకుని దానికి తగ్గ కథ తెరుస్తుంది. మొదట్లో ఆ కంపెనీకి కంప్యూటరుకింత అని ఒక్కసారి కట్టేస్తే సరిపోయింది. ఎవరు వచ్చి కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. ఆ వేసవిలో కంపెనీ పద్ధతి మార్చింది. ఇకనుంచి పిల్లకింత, ఏడాదికింత. ఒక సీటుకి ఒక పేరు. బళ్ళు తెరిచిన నెలలోపు పేర్లు ఇచ్చెయ్యాలి. మొదటి ఏడాదిలోపు మూడేళ్ళకి ఒప్పుకుంటే రేటు పెరగదు, లేకపోతే ఏటేటా పెరుగుతుంది.

బడి కమిటీ మే నెల ఎండలో పెంకుల హాల్లో కూర్చుంది. జేమ్స్ మాస్టారు తెల్లకాగితం మీద ఎన్ని రకాలుగా రాసినా లెక్క కుదరలేదు. ఉచితంగా దొరికేవి ఇంటర్నెట్టు లేకపోతే నడవవు, తెలుగు కథలు అసలే లేవు. చివరికి మూడు, నాలుగు, అయిదు తరగతులకి, అదీ ముందు ఒక్క ఏడాదికి చాలనుకున్నారు. అప్పుడు గట్టు పిల్లల మాట వచ్చింది.

"నాలుగు నెలలుండి పోయేవాళ్ళకి ఏడాది సీటేంటండీ?" అన్నారు ప్రసాదరావు గారు. ఆయన బడి కరస్పాండెంటు, చేపల చెరువులు చేసే రైతు. "వాళ్ళు పోయాక అది ఖాళీగా పడుంటుంది. మనసొప్పదు గానీ, వాళ్ళని వదిలెయ్యాలి మాస్టారూ."

చివరి బల్ల మీద కూర్చున్న కెజియా కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఏవండీ ప్రసాదరావు గారూ, మీరు లీజు దేనికి కడతారండీ? చేపకా, చెరువుకా?"

"చేపకెవడు కడతాడమ్మా? చెరువుకే."

"పట్టుబడి అయిపోయి మళ్ళీ వేరే చేప వేస్తే?"

"ఏదేస్తే ఏంటి? చెరువదే, లీజదే."

"మరింకేవండీ! గట్టుకొక సీటు తీసుకుందాం. ఆ గట్టు మీద ఎవరి పిల్ల ఉంటే ఆ పిల్ల కూర్చుంటుంది."

ప్రసాదరావు గారు తొడ మీద చరుచుకుని నవ్వారు. "ఈవిడ టీచరు కాదండీ, లీజుదారు!"

"కంపెనీ వాళ్ళు పేర్లు అడుగుతారేమో గదండీ," అన్నారు జేమ్స్ మాస్టారు.

"గట్టుకి పేరుంది గదండీ."

అక్కడున్న ఎవరికీ అందులో తప్పు తోచలేదు. పుట్టినప్పటి నుంచీ నీళ్ళని చెరువు లెక్కన కౌలుకి ఇచ్చీ పుచ్చుకునీ బతికిన ఊరది. జూలైలో కెజియా తన ధాటైన వేళ్ళతో పేర్లు కొట్టింది. ఊరి పిల్లల పేర్ల కింద మూడు గట్లు చేరాయి. తూర్పు గట్టు, కాలవ గట్టు, రేవు గట్టు.

తూర్పు గట్టు సీట్లో మొదట కూర్చున్నవాడు కొండబాబు. వాడు కథల్ని చెరుకు ముక్కల్లా నమిలేశాడు. వర్షాలు తగ్గేసరికి నావికులూ తుఫానులూ ఉన్న పొడుగాటి కథల్లోకి వెళ్ళిపోయాడు. ఒకరోజు బడికి రాలేదు. కెజియా కిటికీలోంచి చూస్తే తూర్పు గట్టు చెరువులో నీళ్ళు లేవు, బురద మీద కొంగలు.

దసరా తరవాత ఆ పాకలోకి ముత్యాలరావు, సత్యవతి దిగారు. వాళ్ళ పిల్ల వీరదుర్గ ఆ కుర్చీలోకి వచ్చింది. "హలో, తూర్పు గట్టు" అనగానే పిల్లలు నవ్వారు, అది తల దించుకుంది. హెడ్‌ఫోను పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చునేది. పెదవి విప్పేది కాదు. దీపావళి వెళ్ళింది, క్రిస్మస్ నక్షత్రాలు వరండాకి కట్టారు. పిల్ల నోటి నుంచి ఒక్క మాట లేదు.

"కొత్త గదండీ, బెదురు. అలవాటవుతుంది," అనేది కెజియా. అయినా ఆవిడ గుండెలో ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది.

అప్పుడు వచ్చింది జ్యోత్స్న. కంపెనీ తరఫున బళ్ళు తిరిగే అమ్మాయి. చింతలపూడి, దెందులూరు చూసుకుని ఇటొచ్చింది.

"మీదే ఊరమ్మా?" అంది కెజియా కుర్చీ తుడుస్తూ.

"గూడెమండీ, తాడేపల్లిగూడెం."

"అదీ సంగతి. కళ తెలుస్తూనే ఉంది. కూర్చో, టీ తాగు."

"తాగుతానండీ. ముందు ఒక మాట. మీ దగ్గర తూర్పు గట్టు అని ఒక బాబున్నాడు గదండీ, వాడికి ఒంట్లో ఎలా ఉందండీ? సెప్టెంబరు దాకా ఎంత బాగా చదివాడని! దసరా నుంచి ఒక్క ముక్క లేదు. వాడికి మాట పడిపోయిందేమోనని మా ఆఫీసులో అందరూ ఒకటే కంగారు."

కెజియాకి నవ్వాగలేదు. "వాడు బాబు కాదమ్మా. గట్టు."

"గట్టు అంటే?"

"చెరువు గట్టు. అదిగో."

జ్యోత్స్న కిటికీ దగ్గరకి వెళ్ళి గట్టు వైపు చాలాసేపు చూసింది. గట్టు కూడా ఏం మాట్లాడకుండా ఎండలో పడుకుని ఉంది.

వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి ముఖంలో నవ్వుంది గానీ మాటలో లేదు. "ఒక పేరంటే ఒక మనిషేనండీ. ఒప్పందంలో ఉంది. ఈ వారంలో సరిచెయ్యకపోతే స్కూలు మొత్తానికీ ఆపేస్తారు. నేను కూడా ఏం చెయ్యలేను."

కెజియా చెరువు లీజు సంగతంతా చెప్పింది. జ్యోత్స్న మధ్యలో అడ్డు రాకుండా వింది.

"చెరువుకి సరేనండీ. మరి ఆ పాప ముందు ఏ కథ ఉందో చూశారా?"

వీరదుర్గ కుర్చీలో కూర్చుని కెజియా హెడ్‌ఫోను పెట్టుకుంది. తెర నిండా చిన్న అక్షరాలు. నావికుడు, తెరచాప, తీరం దొరకని రాత్రి. అది కొండబాబు ఆపేసిన పేజీ. గట్టుని ఒక్కడే పిల్లాడనుకున్న ప్రోగ్రాము, కొండబాబు వదిలిన చోటి నుంచే అందుకోమని ఆ పిల్లని అడుగుతూ ఇన్నాళ్ళూ ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

"అయ్యో తల్లీ," అంది కెజియా. "ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కునేదాన్ని నేను నడిసముద్రంలో దింపానే!"

జ్యోత్స్న ఒక దారి చెప్పింది. పిల్లల్ని సొంత పేర్లతో రాయండి. పిల్ల వెళ్ళిపోయేటప్పుడు తల్లి ఒప్పుకోలుతో పేరు విడుదల చేస్తే, అది చదివినంతా దానితోపాటు వెళ్తుంది. తరవాత వచ్చిన పిల్లకి ఆ సీటు ఇవ్వొచ్చు. కానీ పిల్ల ఊళ్ళో ఉండగానే విడుదల చెయ్యాలి. చెప్పకుండా వెళ్ళిపోతే జూన్ దాకా ఆ సీటు మూసుకుపోతుంది.

"గట్టు వాళ్ళు చెప్పి వెళ్తారా అమ్మా?" అన్నారు జేమ్స్ మాస్టారు నీరసంగా.

వెళ్ళరు. అదక్కడి కట్టుబాటు. పట్టుబడి ఎప్పుడో కాపలా మనిషి ఎవరికీ చెప్పడు. చెబితే చేప అడుగుకి వెళ్ళిపోతుందని నమ్మకం.

ఆ మధ్యాహ్నమే కెజియా గొడుగు వేసుకుని తూర్పు గట్టు మీద నడిచింది. సత్యవతి పాక ముందు తవుడు బస్తాలకి తాళ్ళు కడుతోంది. కెజియా ఒప్పుకోలు కాగితం గురించి చెప్పగానే చెయ్యి తుడుచుకుని సంతకం చేసింది. వెళ్ళే రోజు మాట ఎత్తగానే తాడు బిగించి పట్టుకుంది.

"అదొక్కటీ అడక్కండి టీచరు గారూ. మా ఆయన సంపేత్తాడు. సెప్తే సేప అడుక్కెళ్ళిపోద్దండి."

"నేను చేపకి చెప్తానేంటే?"

"మీరు సెప్పరండి. గాలి సెప్తదండి."

కెజియా గట్టు మీదే చతికిలబడింది. నీళ్ళ మీద ఎండ వెండి రేకులా వణుకుతోంది. "నీ పిల్ల చదివింది ఎక్కడికెళ్ళినా దాని వెంట రావాలే. ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచీ వద్దు. ఆ కుర్చీ మూసుకుపోతే నీ వెనకాలొచ్చే పిల్లకి చోటుండదు. దానికి నేనేం చెప్పను?"

సత్యవతి తాడుకి ఇంకో ముడి వేసింది. తరవాత తలెత్తకుండానే అంది.

"సెప్పనండి. నోటితో సెప్పను. కానీ ఆ రోజు పిల్లకి తలంటి, కనకాంబరాలెట్టి పంపుతానండి. మీకు కళ్ళున్నాయి గదా."

మర్నాడు గదిలో గొంతు "హలో, వీరదుర్గా!" అంది. ఎవరూ నవ్వలేదు. పిల్ల ఉలిక్కిపడి హెడ్‌ఫోను తీసి లోపల ఎవరున్నారో అని తొంగిచూసింది. కథ ఈసారి ఒక్క పేజీదే, పాలు తాగిన పిల్లి గురించి. కెజియా వెనక నిలబడి గుడ్డతో తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తోంది. చాలాసేపటికి, ఆకు మీద నుంచి జారిన చుక్కలా ఒక మాట వచ్చింది. "పిల్లి." ఆ తరవాత ఇంకోటి.

జనవరి అంతా అది చదివింది. మేక గురించి, రైలు గురించి, వాన కోసం ఏడ్చిన కప్ప గురించి. గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని పిల్ల, హెడ్‌ఫోను పెట్టుకుంటే పక్క గదికి వినపడేలా చదివేది. జేమ్స్ మాస్టారి లెక్కలు మళ్ళీ ఆగిపోయేవి.

ఫిబ్రవరిలో ఒక ఉదయం వీరదుర్గ రెండు జడలతో వచ్చింది. జడల్లో కనకాంబరాలు. గుమ్మం దగ్గర ఆగి, తనకే ఏదో పండగైనట్టు నవ్వింది. దానికేం తెలియదు. కెజియా ఆ పూలు చూసి, పిల్లని చెయ్యి పట్టుకుని తనే కుర్చీ దాకా తీసుకెళ్ళింది. ఆ రోజు గంట కొట్టినా పిల్లని లేపలేదు. కొత్త కథలన్నీ ఒకదాని తరవాత ఒకటి తెరిచి చదివించుకుంది. సాయంత్రం అందరూ వెళ్ళాక పేరు విడుదల చేసింది. అంతకుముందే ఒక అట్టముక్క మీద దాని పేరూ, దాని చదువు మళ్ళీ తెరుచుకునే నెంబరూ పెద్దక్షరాలతో రాసి గౌనుకి పిన్నీసుతో గుచ్చింది. "ఏ ఊరెళ్ళినా టీచరికిది చూపించు" అని చెప్పింది. పిల్ల తలూపింది. ఏ ఊరో, ఎందుకో అడగలేదు.

తెల్లారేసరికి గట్టు మీద పాక తలుపు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు.

జ్యోత్స్న గత వారం మళ్ళీ వచ్చింది, మూడేళ్ళ ఒప్పందం కాగితాలతో. గట్టు పిల్లల సీట్లు ఉంచాలా వద్దా అని జేమ్స్ మాస్టారు అడిగితే, ప్రసాదరావు గారు కారు తాళం తిప్పుకుంటూ, "మూడూ ఉంచండి మాస్టారూ. పేర్ల సంగతి ఆవిడ చూసుకుంటుంది," అన్నారు.

ఈ కబుర్లన్నీ రాసుకోవడానికి ఏలూరు నుంచి వచ్చిన మనిషికి కెజియా ఇదంతా కంప్యూటరు గదిలోనే చెప్పింది, మధ్యలో పిల్లల్ని కోప్పడుతూ, టీ పోస్తూ. వీరదుర్గ చదువు ఎక్కడైనా తెరుచుకుందా అంటే, లేదంది ఇంకా. రోజూ ఒకసారి చూస్తానంది. అంటూ అంటూ కిటికీ వైపు చూసి ఆగిపోయింది. తూర్పు గట్టు మీద పాకలోంచి సన్నగా పొగ లేస్తోంది. ఆవిడ లేచి మూల ఉన్న గొడుగు అందుకుంది.

"టీ తాగేసి మీరూ రండి. కొత్త సంసారం దిగినట్టుంది. పిల్లలున్నారో లేదో, ఉంటే పేరేంటో అడిగొద్దాం. కాస్త తొందరగా రండేం, వాళ్ళు ఎన్నాళ్ళుంటారో ఏంటో!"