సారు పెట్టిన ఇసుక కుండలు

బర్రెకు కుడితి పెడుతుంటే ఫోన్ మోగింది. సారు బిడ్డ. "అన్నా, నాన్న పోయిండే" అన్నది. "అయ్యో" అన్న నేను. సిగ్గు విడిచి చెప్తున్న, నాకు ముందుగాల ఏడుపు రాలే, భయమొచ్చింది. సారు ఇంటి వెనకాల తొమ్మిది కుండలున్నయి. ఇగ వాటికి దిక్కెవరు అనుకున్న.

చండ్రుగొండ అవతల, అడివి అంచున మా ఊరు. సారు నాకు ఒకటి నుంచి ఏడు దాకా చదువు చెప్పిండు. ఏడుతోటి నా చదువు ఆగింది గానీ సారు నన్ను విడిచిపెట్టలే. నేను మాట తక్కువ మనిషిని, సారు ముందర ఇంకా తక్కువ. "నువ్వు మాట్లాడకున్నా వింటవు, గది చాలు" అనేటోడు.

ఆ రోజుల్లో బడి తెరిచే ముందు నల్లబల్లకు రంగు పూసుడు మా పని. రేడియోలల్ల, టార్చిలైట్లల్ల అయిపోయిన సెల్లులు ఇంటింటికీ తిరిగి ఏరుకొచ్చేటోళ్లం. రాయితోటి పలగ్గొట్టి, లోపలి నల్ల పొడి తీసి, గుంటగలగరాకు రసంల కలిపి, అరచేతులతోటి బల్లకు రుద్దేటోళ్లం. సారు చొక్కా చేతులు మడిచి మాతోపాటు రుద్దేటోడు. మూతులు నల్లగైతే ఒకల్ని చూసి ఒకలం నవ్వుకునేటోళ్లం. ఆ చేతులతోటే సద్ది తిన్నం. మర్నాడు నిగనిగలాడే బల్ల మీద సారు సుద్దముక్కతోటి మొదటి అక్షరం రాస్తుంటే మాకు గొప్పగుండేది.

ఆ బల్ల సారు పాణం తీసిందని నేను అనను. ఎనభై దాటి బతికిండు. కానీ చివరి ఏండ్లల్ల సారుకు మనసు నిమ్మళం లేకుండ చేసింది మాత్రం అదే.

రిటైరైన చాన్నాళ్లకు ఒక పొద్దు సైకిల్ మీద మా ఇంటికి వచ్చిండు. స్టాండు గూడ వెయ్యలే, గోడకు ఆనిచ్చిండు. చేతిల పేపరు. బ్యాటరీలల్ల, ఫోన్లల్ల, టీవీలల్ల సీసం, పాదరసం, కాడ్మియం ఉంటయని చదివి వినిపించిండు. సెల్లుల నల్ల పొడి ఏండ్ల తరబడి ఒంట్లకు పోతే నరాల మీద పడతదని, చేతులు వణుకుతయని కూడా ఉన్నది అండ్ల. అక్కడ చదువుడు ఆపి నా చెయ్యి పట్టుకున్నడు.

"ఎప్పటినుంచిరా ఈ వణుకు?"

"వయసు సార్."

"అయి ఉండొచ్చు. కాకనూ పోవచ్చు."

తర్వాత దవాఖానాల డాక్టరు గూడ గంతే అన్నడు, దేనికనేది తేలదని. ఆ రోజునుంచి పాత శిష్యులు ఎవరు ఎదురైనా సారు ముఖం కంటే ముందు చేతులు చూసేటోడు. నేను నావి తువ్వాల కింద దాచుకునేటోన్ని.

"సెల్లు తయారుచేసినోళ్లకు అండ్ల ఏమున్నదో తెలుసు. దాని మీద ఒక్క ముక్క రాసి ఉంటే నేను మీతోటి ఆ పని చేయిస్తుంటినారా?" అని ఎన్నిసార్లు అడిగిండో లెక్కలేదు.

అప్పటినుంచి చుట్టుపక్కల ఊర్లు, గూడేలు తిరిగి పాత సెల్లులు, ఖరాబైన ఫోన్లు, ఛార్జర్లు జమచేసుడే పని పెట్టుకున్నడు. ఇసుక పోసిన కుండలల్ల పొర మీద పొర పేర్చేటోడు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీలకు వేరే కుండ, నీడపట్టున. మా దిక్కు ఎండలకు అవి అంటుకుంటయని నడిఎండల పోయి కుండలు తడిమి చూసొచ్చేటోడు. కొత్త ఫోన్ డబ్బా మీద చెత్తబుట్టకు ఇంటూ కొట్టిన బొమ్మ ఉంటది చూడండి, అది నాకు చూపిచ్చి, "చెత్తల వెయ్యొద్దని గీసిండ్రు. యాడ వెయ్యాల్నో గీసుడు మర్చిపోయిండ్రు" అన్నడు.

పాతయి వాపసు తీస్కపొమ్మని ఫోన్ల కంపెనీకి ఉత్తరాలు రాసిండు. ఒకపాలి నా ముందరనే స్పీకరు పెట్టి ఫోన్ చేసిండు.

"సార్, మీ పిన్‌కోడ్‌కు మా పికప్ లేదు సార్" అన్నదొక ఆడపిల్ల.

"కొత్త ఫోను పంపేతందుకు ఉన్నదా అమ్మా?"

"డెలివరీ ఉంది సార్."

"తెచ్చిన బండి వాపసు ఖాళీగనే పోతది గద తల్లీ. అండ్ల వేసుకపోరాదు?"

టకటక ఏదో కొట్టింది ఆ పిల్ల. "రాసుకున్నాను సార్" అన్నది. సారు ఆ పిల్లను ఏమీ అనలే. ఖమ్మంల ఇసొంటియి తీసుకునే జాగ ఉన్నదంటే, మేమే తీసుకపోదామని ఒకనాడు సంచి పట్టుకొని బస్సెక్కినం. "ఏంది తాతా, బాంబులా?" అని కండక్టరు నవ్విండు. సారుకు అబద్ధం రాదు. "గట్లాంటియే బిడ్డా" అన్నడు. అక్కడనే దింపిండు.

సారు పోయినంక, దినాలు అయిన మర్నాడు, పాత సామాన్ల ఆయన ట్రాలీ ఆటో తెచ్చి ఆ ఇంటి ముందర పెట్టిండు. సారు బిడ్డ అమ్మను తనతో తీసుకపోతున్నది, ఇల్లు తాళం పడతది. "అన్నీ నేను లేపుకపోత, మీకు పీడ వదులుతది" అన్నడాయన. సారు బిడ్డ నా దిక్కు చూసింది.

"తీస్కపోయి ఏం జేస్తవ్?" అన్న.

"ఏముంది తాతా, వైర్లు కాల్చి రాగి తీస్త. మిగతాయి పలగ్గొడత."

"ఎవరు పలగ్గొడతరు?"

"ఇంకెవరు? నేను, నా పెండ్లాం."

"ఇయ్యం" అన్న.

ఆయన పకపకా నవ్విండు. "మాట్లాడని తాత మాట్లాడిండు! దాచుకో, మనుమలకు పంచిద్దువు."

ఆ మాట గుచ్చుకున్నది. ఎందుకంటే కుండలు ఇప్పుడు మా పెరట్లున్నయి. "మామా, చిన్నది ఆడుకునే జాగ గది" అన్నది కోడలు. బోరుకు దూరంగ జరిపిన. పైన రేకు కప్పిన. అయినా వానాకాలం వస్తున్నది. ఒక కుండ పగిలితే నీళ్లు యాడికి పోతయి? మేము తాగేది ఆ బోరు నీళ్లే. సారు లెక్కనే రోజుకు నాలుగుసార్లు పోయి తడిమి చూస్తున్న. సారు ఉన్నన్నాళ్లు ఈ భయం ఆయన ఒక్కడే మోసిండని ఇప్పుడు తెలుస్తున్నది. ఒక్కనాడు గూడ మా మీద వెయ్యలే.

మొన్న పొద్దున గూడెం నుంచి ఒక అవ్వ నడిచొచ్చింది. సారు ఇంటికి తాళం చూసి అడుక్కుంట నా కాడికి వచ్చింది. ఛార్జింగ్ లైటుల బ్యాటరీ తెచ్చింది. చేత్తోటి ముట్టొద్దని సారు చెప్పిండని మోదుగాకులల్ల చుట్టి, నారతోటి కట్టింది.

"సారు లేడంట గద. ఇగ నీకే ఇయ్యాల్నంట."

"అవ్ అవ్వా."

"కంపెనోళ్లు ఎప్పుడొస్తరు?"

"తెల్వదవ్వా."

పొట్లం అరుగు మీద పెట్టి బయల్దేరింది. అప్పుడు చూసిన. ఆకులు మాడినట్టయి కింద బొక్క పడ్డది. అండ్లకెళ్లి కారిన యాసిడ్ చుక్క నాపరాయి మీద బుసబుస పొంగుతున్నది. "అవ్వా, ఆగు!" అని ఒర్రిన. నా గొంతు అంత లేస్తదని నాకే తెల్వదు.

అవ్వ వాపసొచ్చి రెండు చేతులు ముందుకు పట్టింది. అది చేతులకు అంటిందేమోనని చెంబుతోటి నీళ్లు పోసిన. చెంబు అయిపోతే బిందె తెచ్చిన. "చాలు బిడ్డా, నీళ్లన్నీ పారబోస్తున్నవ్" అంటనే ఉన్నది అవ్వ. నేను పోస్తనే ఉన్న.