డాబా మీది నుంచి అవ్వకు ఎంత దూరం

మా బిడ్డకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. బీజగణితమంటే తనకు ఇష్టం. సమీకరణంలో ఇటుది అటు పంపి, గుర్తు మార్చి, x విలువ తేలేదాకా వదలదు. త్రికోణమితిలో ఎత్తులు, దూరాలు వచ్చేసరికి మాత్రం పెన్ను కింద పెడుతుంది. పైనుంచి కిందికి చూసే కోణాన్ని ప్రతిసారీ గోడ పక్కన గీస్తుంది. గీయాల్సింది కళ్లకు ఎదురుగా ఉండే అడ్డగీత దగ్గర.

"గా లెక్క వస్తె నేను రాయనే రాయ" అని తేల్చేసింది.

డిగ్రీలో లెక్కలు చదివిన నాకు ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సయించలేదు. ఒక్క లెక్క పోతే పోనీ. నాకు చేతకాదు అన్న మాట దాని మనసులో గట్టిపడిపోతుందేమోనని నా భయం. రాత్రి తను పడుకున్నాక కూడా అదే ఆలోచన.

మొన్న ఆదివారం భీమ్‌గల్‌లో మా అత్తమ్మ ఇంటికి వెళ్లాం. ఉదయం ఆమె వాకిట్లో పసుపు ఆరబోసి, ఇంటి నీడ అంచున పీట వేసుకుని కొమ్ములు ఏరుతోంది. బిడ్డను డాబా మీదికి, పిట్టగోడ దగ్గరికి తీసుకుపోయాను.

"పుస్తకంల లైట్‌హౌస్ మీదికెల్లి సూస్తే పడవ ఉన్నట్టు ఈడ అవ్వ ఉన్నదనుకో. గోడకెల్లి ఎంత దూరమున్నదో చెప్పు."

అత్తమ్మ తలెత్తింది. "పొద్దుగాల్నే తల్లీబిడ్డలకు నేనే దొరికిన్నా?"

"కదలకు అవ్వా, లెక్క తప్పుతది!"

కోణమానినికి దారం కట్టి చూస్తే ముప్పై డిగ్రీలు వచ్చింది. నేల నుంచి మా కళ్ల దాకా టేపుతో కొలిస్తే ఇరవై అడుగులు. తను అలవాటుగా కోణం గోడ పక్కనే గీసింది. దూరం పదకొండున్నర అడుగులని తేలింది.

"కిందికి సూడు. అవ్వ గంత దగ్గరున్నదా?"

చూసి నవ్వింది. "గంత దగ్గరుంటే ఈడికెల్లి అవ్వ నెత్తి ఒక్కటే కనవడ్తది."

బొమ్మ కొట్టేసింది. చేయి కళ్లకు ఎదురుగా అడ్డంగా చాపి, మెల్లగా అవ్వ వైపు దించింది. "చెయ్యి దిగినంతనా కోణం?" అని తనే అడిగి, తనే గీసుకుంది. అడ్డగీత, నేల సమాంతరం కాబట్టి అవ్వ దగ్గరా ముప్పయ్యే అని రాసింది. ఎదుటి భుజం ఇరవై, ఆసన్న భుజం x. టాన్ ముప్పై అంటే ఒకటి బై రూట్ మూడు. అడ్డంగా గుణిస్తే x ఇరవై రూట్ మూడు, అంటే సుమారు 34.6 అడుగులు.

దిగివెళ్లి గోడ నుంచి పీట దాకా టేపు పట్టాం. ముప్పై ఒకటే ఉంది.

"కోణం సరిగ్గ సూసినట్టు లేవు. కొట్టేసి మళ్ల చెయ్యి" అన్నాను.

"ఏ స్టెప్పు తప్పో సూపెట్టమ్మా. సూపెట్టకుంట నేను కొట్టెయ్య."

పైనుంచి కిందిదాకా చదివాను. తప్పు దొరకలేదు. మళ్లీ చదివాను.

"ఏమైందే?" అంది అత్తమ్మ.

"నువ్వు ముప్పై నాలుగు అడుగులకాడ ఉండాలె అవ్వా. ముప్పై ఒకటికాడ ఉన్నవ్."

"మీరు లెక్క చేసి దిగొచ్చేదాక నన్ను ఎండల మాడుమంటరా? నీడ ఎనుకకు వోయింది, పీట గుంజుకున్న."

మట్టిలో పీట కాళ్లు గీసిన చారలు కనిపించాయి. వాటి మొదలు దాకా టేపు పడితే ముప్పై నాలుగున్నర వచ్చింది. బిడ్డ వాళ్లవ్వ మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది.

"కదలకంటె ఇనవు, పడవ లెక్క జరుగుతవ్!"

"ఇడువే, పసుపంత నీ బట్టలకైతది."

సాయంత్రం నిజామాబాద్ బస్సులో తను పుస్తకం తీసి, ఎత్తులు దూరాల్లోనే తర్వాతి లెక్క మొదలుపెట్టింది. "ఏదీ, బొమ్మ సూడనీ" అంటూ వంగాను. చేత్తో కప్పేసుకుంది.

"మొత్తం అయినంక సూపిస్త. నువ్వు కిటికీల కెల్లి సూడు."

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.