తాపీ ముఖద్వారంలో నేను ముంచిన ఓడ

తాపీ నది సముద్రంలో కలిసే చోట ఒక ఓడను నేనే ముంచాను. పన్నెండేళ్ల కింద, ఒక ఆదివారం పూట, ఎండు చేపలు బేరం చేస్తూ ముంచాను. ఆ ఓడ ఇప్పుడు సర్కారు కాగితాల్లో తేలిందని సూరత్ నుంచి రాజలింగు ఫోన్ చేశాడు. అందుకే బయల్దేరాను.

కరోనా రెండో విడత తగ్గిన తర్వాత వచ్చిన చలికాలం అది. రామగుండంలో రాత్రి భోజనాల వేళకు అహ్మదాబాద్ బండి ఎక్కాను. రిజర్వేషన్ లేనివాళ్లను ఎక్కనివ్వడం లేదు, వెళ్లేవాళ్లు ముందే చూసుకోండి. తినడానికి ఇంటి నుంచి సర్వపిండి కట్టుకున్నాను. ఎదురు సీటులో జగిత్యాల దిక్కు ఆమె, సూరత్‌లో భర్త దగ్గరికి పోతోంది. ఓడ సంగతి మాట్లాడటానికి పోతున్నానంటే నన్ను పైనుంచి కిందికి చూసింది.

“సూరత్ల ఓడ ఏందన్నా? సాంచలు దప్ప ఏమున్నయక్కడ?” అంది.

మరమగ్గాల్ని మేం సాంచలంటాం. పద్దెనిమిదేళ్లు వాటి మధ్య బతికి, మొదటి లాక్‌డౌన్‌లో ఊరికి వచ్చేసినవాణ్ని నేను.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు సూరత్. స్టేషన్ బయట సిటీ బస్సు పట్టుకుని పాండేసరాలో దిగి, అక్కణ్నుంచి నడిచి బమ్రోలిలో రాజలింగు గదికి చేరాను. ఒకప్పుడు ఇద్దరం ఒకే షెడ్డులో పనిచేశాం. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. తలుపు తీస్తూనే మొదలుపెట్టాడు.

“రా బావా. నీ ఓడ ఒడ్డుకొచ్చింది. సరుకు దించుతవా మరి?”

సంగతి ఇది. ఫ్యాక్టరీలుండే హజీరా దాటాక నది ఒడ్డున చిన్న చేపల వాడ ఉంది. వారం సెలవు నాడు మేం ఎండు చేపల కోసం అక్కడికి పోయేవాళ్లం. కాంజీకాకా అనే ముసలాయన దగ్గరే కొనేవాళ్లం. నది నోటిదగ్గర బురదలో ఆయనకు నలభై వెదురు గుంజలున్నాయి. వాటికి వల కడితే సముద్రపు పోటు దిగేటప్పుడు చేప దానంతటదే పడుతుంది. ఆ ఆదివారం ఎవరో నోటు పుస్తకాలతో వచ్చి, పాత కథలుంటే చెప్పమని అడిగారు. కాంజీకాకా పోటు గురించి, చేపల గురించి చెప్పాడు. వాళ్లు రాసుకోలేదు. నాకు నాలుక దురద పుట్టింది. ఈ గుంజల కింద పట్టుబట్టల ఓడ మునిగి ఉందన్నాను. అమావాస్యనాడు నీళ్లు వెనక్కి పోయాక చెవి పెడితే, ఓడలో మునిగిన సాలోళ్ల మగ్గాల చప్పుడు వినిపిస్తుందన్నాను. అది మాత్రం పూర్తి అబద్ధం కాదు. పన్నెండు గంటల డ్యూటీ చేసినవాడి చెవుల్లో సాంచ సెలవునాడు కూడా ఆగదు. నా చెవుల్లో మోగుతున్నదాన్ని తీసి నీళ్లలో వేశాను, అంతే.

వాళ్లు రాసుకున్నారు.

ఆ రాత పట్టుకుని ఇప్పుడు నదీముఖం మొత్తాన్ని వారసత్వ ప్రాంతంగా ప్రకటించాలని అర్జీ పోయింది. దానికి అక్కడి స్థానిక సంస్థ మద్దతు తీర్మానం చేయాలి. పటంలో ఓడ మునిగిన చోటుకు ఎర్ర గుండ్రం గీశారు. దాని లోపల వలలు, గుంజలు ఉండకూడదు. కాంజీకాకా నలభై గుంజలూ ఆ గుండ్రంలోనే ఉన్నాయి. నా అబద్ధం ఆయన నోటి దగ్గరి కూటిలో పడింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకే బయల్దేరాం. హజీరా రోడ్డు మీద కంపెనీ బస్సులు సగం ఖాళీగా పోతున్నాయి, ఒక్కటీ ఆగదు. షేర్ ఆటోలు రెండు మారాలి. వాడకు చేరేసరికి ఎనిమిదిన్నర, పోటు దిగి ఉంది. కాంజీకాకా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మోకాళ్ల లోతు బురదలోకి తీసుకుపోయి ఒక్కో గుంజ మీద చెయ్యి వేసి చూపించాడు. వెదురు రెండేళ్లకు కుళ్లుతుందట, తీసి అదే గుంతలో కొత్తది దింపుతారట. ఆ గుంతలు వాళ్ల తాత తవ్వినవి.

పదకొండుకు ఆ తీర్మానం సభ. రెండు డోసుల టీకా సర్టిఫికెట్ ఉంటేనే లోపలికి. కాంజీకాకాకు ఒక్కటే పడింది, రెండో డోసు క్యాంపు పెట్టిన రోజు ఆయన వలల దగ్గర ఉన్నాడు. ఎవరి గుంజల గురించి సభ జరుగుతుందో ఆ మనిషి గేటు బయట, రాజలింగుతో నిలబడ్డాడు. ఓడను ముంచినవాడు లోపల, ఫ్యాను కింద కూర్చున్నాడు.

గోడ మీద పటం చూశాక ఒళ్లు మండింది. వారసత్వ గీత ఫ్యాక్టరీల గోడల దగ్గరికి రాగానే మర్యాదగా వంగి పక్కకు తప్పుకుంది. చేపల వాడ దగ్గరికి వచ్చాక మాత్రం ఎవరికీ తలవంచకుండా నేరుగా నడిచింది.

మనిషికి మూడు నిమిషాలు. నేను లేచి, ఓడ లేదు, నేనే కల్పించాను, ఎర్ర గుండ్రం చెరిపేయండి అన్నాను. జీవితంలో మొదటిసారి నలుగురిలో నిజం చెప్పాను, ఎవరూ నమ్మలేదు. ఆ కథ వాడలో ఐదుగురు చెప్పారని అధికారి నెమ్మదిగా వివరించాడు. చెప్పరా మరి, నా నోట విని నేర్చుకున్నవాళ్లే కదా. గుంజల మాటేమిటని అడిగాను. వెదురు రెండేళ్లదే కాబట్టి వారసత్వం కిందికి రాదన్నాడు. ఎవరూ చూడని ఓడకు నాలుగు వందల ఏళ్లు రాశారు. మా బమ్రోలిలో ఇరవై ఏళ్లుగా చెవులు పోగొట్టుకుంటున్నవాళ్ల చప్పుడు ఎవరికీ వినబడలేదు కానీ, నీళ్లలో లేని మగ్గాల చప్పుడును కాపాడటానికి తీర్మానం చేశారు. అందరూ చేతులెత్తారు. పైగా మౌఖిక సంప్రదాయానికి ప్రతినిధినని నా భుజం మీద శాలువా కప్పారు. పాలిస్టరు. నేసింది ఏ సాంచ మీదో చేత్తో తడిమి చెప్పగలను.

నెల లోపు రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపుకోవచ్చట. బయటికొచ్చి కాంజీకాకాకు దారి ఉందన్నాను. నా బుర్ర అప్పటికే పనిలో పడింది. ఓడ మునిగాక బతికిన నావికులే ఒడ్డెక్కి, గుర్తుగా ఈ గుంజలు పాతారనీ, వాళ్ల సంతానమే ఈ వాడ అనీ రాద్దామన్నాను. అప్పుడు గుంజలూ వారసత్వమే అవుతాయి. రాజలింగు కూడా బాగుందన్నాడు.

కాంజీకాకా నా శాలువా వైపు చూశాడు. తర్వాత హిందీలో మెల్లగా అన్నాడు.

“మా తాత చేపలు పట్టాడు. ఆయన్ను ఓడ ఎక్కించకు.”

నేను శాలువా తీసి మడిచి సంచిలో పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు బండి. ఉధ్నా స్టేషను దాటగానే అభ్యంతరం రాయడానికి కాగితం తీశాను. ఓడ అబద్ధమని, చెప్పింది నేనేనని, పేరూ ఊరూ వేసి రాశాను. నలభై గుంతలు, ఒక తాత, దిగే పోటు. ఒక్క మాట కలపకుండా రాస్తే అర పేజీ నిండింది. ఆ ఓడ కథకు అర్జీతో జతచేసిన నివేదికలో ఆరు పేజీలున్నాయి.

పక్క సీటాయన మహబూబాబాద్ వరకు. కాగితంలోకి తొంగి చూసి, సూరత్‌లో చూడదగ్గవి ఏమున్నాయని అడిగాడు. పోటు దిగాక నది నోటిదగ్గర నలభై వెదురు గుంజలు కనబడతాయి, పీకేసేలోపు పోయి చూడమన్నాను.

“గంతేనా?” అన్నాడు.

“గంతే,” అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. నా చెవుల్లో సాంచ ఆడుతూనే ఉంది.