కామెర్ల అఫిడవిట్

కదిరిలో ఒక వకీలు దగ్గర గుమస్తాగా ఉన్న రోజుల్లో నేను చాలామందికి కామెర్లు తెప్పించాను. అప్పీలు గడువు దాటించుకుని వచ్చిన ప్రతివాడికీ అదే రోగం. కింది కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు ముప్పై రోజుల్లో పోవాలి. తీర్పు నకలుకు పట్టిన రోజులు మినహాయిస్తారు. అదీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషను, కారణం ప్రమాణం చేసి చెప్పే అఫిడవిట్ పెట్టుకోవాలి. ఆ కారణం ఒప్పుకుంటేనే అప్పీలు విప్పి చూస్తారు. నా కంప్యూటర్లో కామెర్ల అఫిడవిట్ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. పేరు, తేదీలు మారిస్తే చాలు.

ఒక రైతు పద్దెనిమిది రోజులు ఆలస్యంగా వచ్చాడు. బోరుతో సహా నాలుగెకరాలూ తమ్ముడివేనని కింది కోర్టు తేల్చింది. పొలం ఇంకా ఇతని చేతిలోనే ఉంది. అప్పీలు పోతే ఇతనికి సెంటు భూమి మిగలదు.

"ఇన్నాళ్లు ఏం చేస్తాంటివన్నా?" అన్నాను.

"వానొచ్చినాదప్పా. రెండేండ్లకు నేలకు పదును దొరికింది, శెనక్కాయ విత్తుకుంటాంటి. పదును పోతే మళ్లీ యాడ తెస్తాం? అదే రాయి."

నాకు నవ్వొచ్చింది. "కోర్టులో వాన పడదన్నా. కామెర్లని రాస్తా, సంతకం పెట్టు."

"నాకు కామెర్లు యాడొచ్చినాయప్పా?"

"ఇప్పుడొచ్చినాయిలే" అన్నాను. వకీలు కూడా నవ్వాడు. అతను భయపడుతూనే సంతకం పెట్టాడు.

వాయిదా రోజు తమ్ముడి తరఫు వకీలు ఒక కాగితం తీశాడు. ఊళ్లో సబ్సిడీ విత్తన కాయలకు వేలిముద్ర వేసినవాళ్ల జాబితా అది. మంచం దిగలేదని నేను రాసిన రోజునే మా రైతు మూడు మూటలు తీసుకున్నాడు.

"వాన పడింది, విత్తుకున్నానని చెప్పి ఉంటే ఆలోచించేవాణ్ణి" అన్నాడు జడ్జి. పిటిషను కొట్టేశాడు. అప్పీలు ఎవరూ చదవనే లేదు.

"విత్తనాల సంగతి ముందే చెప్పొద్దా?" అని బయటికొచ్చాక మా వకీలు అతన్నే కసిరాడు. అతను చెప్పాడు, మేమే వినలేదు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను. ఇప్పటికీ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కోర్టు అమీనా వచ్చి పొలం అప్పగించే నాటికి కాయ ఊరింది. తమ్ముడే పీక్కున్నాడు.

కొన్ని నెలల తర్వాత అతను మళ్లీ ఆఫీసుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"హైకోర్టుకు గడువెంతప్పా?" అన్నాడు.

చెప్పాను. వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకున్నాడు.

"అదీ దాటిపోయినట్టుండాదే. ఈసారి నాకు ఏం రోగం రాస్తావప్పా?"